పీడీఎఫ్ వచ్చింది సరే, జిరాక్స్ ఏదీ?

ఈ పత్రికలో అందరూ వాన మీద, అమ్మ మీద, ఫస్ట్ లవ్ మీద రాస్తారు. నేను ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీద రాస్తున్నా. దీంట్లో సాహిత్యం యాడుందబ్బా అనుకోకండి, మధ్యలో బ్రౌన్ దొర కూడా వస్తాడు. అయినా నిజం చెప్పుకుందాం. మనలో చాలామందిని హాల్ టికెట్ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ సర్టిఫికెట్టే. ఫీజు రీయింబర్స్‌మెంట్ దానిమీదే ఆధారపడి ఉంటుంది కదా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కాగితాన్ని మన ఫోన్‌కి పంపడం ప్రభుత్వం నేర్చుకుంది. దాన్ని ఫోన్‌లోంచి తీసుకోవడం మాత్రం చాలా కౌంటర్లు ఇంకా నేర్చుకోలేదు. ఈ రెండింటి మధ్య సందులో మన టైమ్ పోతోంది, లెక్క పోతోంది, వీటికంటే ముఖ్యంగా మన వివరాలు ఊరిమీద పడుతున్నాయి. సౌకర్యం పెరిగితే భద్రత తగ్గుతుందని అందరూ అంటారు. కర్నూలు, కడప జిల్లాల్లో నేను చూస్తున్నది దానికి ఉల్టా. సౌకర్యం సగంలో ఆగిపోయింది కాబట్టే భద్రత పోతోంది.

కాగితం మన చేతికి ఎట్ల వచ్చింది

సర్కారు కాగితం సీమ రైతు చేతికి రావడం ఈనాటి కథ కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా థామస్ మన్రో వచ్చాడు. 1807 దాకా ఉండి పొలాలు కొలిపించి, రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. మధ్యవర్తి లేకుండా రైతు పేరు మీదే పట్టా. ఆయన 1827లో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. ఆ పట్టా అనే కాగితం మాత్రం ఇప్పటికీ ఇండ్లల్లో ట్రంకు పెట్టెల్లో, పెండ్లి చీరల మడతల్లో బతుకుతోంది.

ఆ తర్వాత రెండు వందల ఏండ్లు కాగితం కావాలంటే మనమే తిరగాల్సి వచ్చింది. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. అధికారి డిజిటల్ సంతకం చేసిన సర్టిఫికెట్‌ని ప్రత్యేకమైన స్టేషనరీ మీద ప్రింట్ తీసి ఇవ్వడం మొదలైంది. 2015 జులై 1న కేంద్రం డిజీలాకర్‌ని ప్రారంభించింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర మొదలైంది, తొలి విడతలో 161 సేవలతో. ఆ ఏడాది ఇంటర్ హాల్ టికెట్లు కూడా వాట్సాప్‌లోనే వచ్చాయి. మన జూనియర్లు ఇన్‌స్టా రీల్స్ మధ్యలో హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నారు.

ఇది చిన్న మార్పు కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కోసిగి నుంచో, బద్వేలు నుంచో ఒక కాగితం కోసం బస్సెక్కి, సార్ మీటింగ్‌లో ఉన్నాడంటే చెట్టు కింద కూర్చొని, సాయంత్రం ఒట్టి చేతులతో తిరిగొచ్చినోళ్లకి తెలుస్తుంది దాని విలువ. ఆ రోజు కూలి పోతే మళ్లీ రాదు.

కానీ ఆ పీడీఎఫ్ పట్టుకుని ఏదైనా కౌంటర్ దగ్గరికి వెళ్లండి. "ఫోన్‌లో ఉండేది చెల్లదు నాయనా, జిరాక్స్ తీస్కొనిరాపో. రెండు సెట్లు. గెజిటెడ్ సంతకం ఉండల్ల." ఇది నాకు ఎదురైన మాట. మీలో ఎంతమందికి ఎదురైందో చేతులెత్తమంటే హాస్టల్ మొత్తం ఎత్తుతుంది.

ప్రింట్ తీస్తే ఏం పోతుంది

ఇప్పుడు బ్రౌన్ దొర దగ్గరికి వద్దాం. సి.పి.బ్రౌన్ 1820లో కడపకి వచ్చాడు. ఇక్కడ బంగళా కొని, పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకుని తెలుగు తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. అయితే నకలంటేనే చిక్కు. రాసేవాడు ఒక అక్షరం మింగేస్తాడు, ఇంకొకడు తనకు నచ్చిన పదం పెడతాడు. అందుకే బ్రౌన్ ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించి, సరైన పాఠం ఏదో తేల్పించేవాడు. ఒక నకలుని నమ్మాలంటే ఇంకో పది నకళ్లు కావాలి, వాటిని చదవడానికి పండితులు కావాలి. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో బ్రౌన్ పేరుతో భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. కడపలో చదువుతూ ఇంకా చూడనోళ్లు ఒక ఆదివారం వెళ్లిరండి.

బ్రౌన్‌కి అంత శ్రమ పెట్టిన సమస్యని డిజిటల్ సంతకం ఒక సెకనులో తీర్చేస్తుంది. మన సీఎస్ బ్రాంచి వాళ్లకి ఇది తెలిసిందే, మిగతావాళ్ల కోసం చెప్తా. ఫైల్ మొత్తాన్ని ఒక లెక్కలో వేస్తే ఒక సంఖ్య వస్తుంది. ఎస్‌హెచ్‌ఏ 256 అనే పద్ధతిలో అయితే అది 256 బిట్ల సంఖ్య. ఫైల్‌లో ఒక్క కామా మార్చినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. అధికారి తన దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంతో ఆ సంఖ్య మీద సంతకం చేస్తాడు. అందరికీ తెలిసిన బహిరంగ తాళంతో ఎవరైనా దాన్ని సరిచూడొచ్చు. ఆదాయం లక్ష అని ఉన్నచోట ఎవడైనా యాభై వేలు అని దిద్దితే సంతకం వెంటనే చెల్లకుండా పోతుంది. అంటే ఈ నకలుకి పండితులు అక్కర్లేదు, పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో ప్రతీ అక్కర్లేదు. తాను అసలో కాదో అదే చెప్తుంది.

దాన్ని ప్రింట్ తీశారనుకోండి. సంతకం ఉండేది ఫైల్‌లోని బిట్స్‌లో, సిరాలో కాదు. కాగితం మీదకి వచ్చేది సంతకం ఫొటో మాత్రమే. అదే పేజీలో అంకెలు మార్చి మళ్లీ ప్రింట్ తీయడానికి ఫొటోషాప్ తెలిసిన ఇంటర్ పిల్లోడు చాలు. దాని మీద గెజిటెడ్ సంతకం పెట్టిస్తే, పరీక్షించగలిగే రుజువుని పారేసి, పరీక్షించలేని సిరా చుక్కని తెచ్చుకున్నట్టు. నిమ్మకాయ పిండేసి తొక్కని దాచుకోవడం లాంటిది ఇది.

కొన్ని ప్రింట్‌లలో ఇంకో తమాషా కూడా ఉంటుంది. సంతకం బొమ్మ మీద పసుపుపచ్చ ప్రశ్నార్థకం, పక్కన 'వాలిడిటీ అన్‌నోన్' అని. ఆ ప్రింట్ చూసి క్లర్క్ సార్ "ఇది డౌటు కాగితం" అంటాడు. అసలు సంగతి ఏందంటే, పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్ తనంతట తాను నమ్మే సంస్థల జాబితా ఒకటి పెట్టుకుంటుంది. మన దేశపు రూట్ సర్టిఫికెట్ ఆ జాబితాలో లేకపోతే "ఈయన ఎవరో నాకు తెలియదు" అంటుంది. సంతకం తప్పు అని దానర్థం కాదు. కంప్యూటర్‌లో ఒకసారి ఆ రూట్ సర్టిఫికెట్‌ని నమ్మమని చెప్తే ప్రశ్నార్థకం పోయి పచ్చ టిక్కు వస్తుంది. రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాల పని ఆఫీసుల్లో ఎవరి డ్యూటీ అని రాసిలేదు.

చట్టం ఎప్పుడో ఒప్పుకుంది

మనకి చట్టం లేదని కూడా అనలేం. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది. 2016లో డిజిటల్ లాకర్ నియమాలు వచ్చాయి. 2017 ఫిబ్రవరిలో వాటికి చేసిన సవరణ ప్రకారం, డిజీలాకర్‌లో జారీ అయిన పత్రాలు ఒరిజినల్స్‌తో సమానం. గెజిటెడ్ అటెస్టేషన్ తగ్గించి, మన సంతకం మనమే పెట్టుకునే పద్ధతి తెమ్మని కేంద్రం 2014లోనే అన్ని శాఖలకీ, రాష్ట్రాలకీ చెప్పింది.

ఒక జాగ్రత్త. డిజీలాకర్‌లో రెండు అరలుంటాయి. ఒకటి 'ఇష్యూడ్', అంటే ఇచ్చిన శాఖ నుంచి నేరుగా వచ్చిన పత్రాలు. రెండోది మనం ఫొటో తీసి పెట్టుకునేది, 'అప్‌లోడెడ్'. ఒరిజినల్‌తో సమానం అన్నది మొదటి అరలో వాటికే. రెండో అరలో పదో తరగతి మెమో ఫొటో పెట్టుకుని "నాది డిజీలాకర్‌లో ఉంది సార్" అని వాదించొద్దు, అక్కడ సార్ మాటే కరెక్ట్.

ఒరిజినల్ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. మన వయసోళ్లకి అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. కాలేజీలు అడ్మిషన్ టైమ్‌లో ఒరిజినల్స్ తీసుకుని పెట్టుకోకూడదు, చూసి వెనక్కి ఇచ్చేయాలి అని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా మధ్యలో చదువు మానుకున్నోడు, వేరే చోట సీటు వచ్చినోడు, ఫీజు బాకీ ఉన్నోడు, తన టీసీ కోసం, మెమో కోసం ఎట్ల తిరుగుతాడో మనకి తెలుసు. పేర్లు అక్కర్లేదు, ప్రతి ఊర్లో ఇట్లాంటి కథ ఒకటుంది. కాగితం ఒకటే ఉన్నప్పుడు అది ఎవరి బీరువాలో ఉంటే వాడిదే పైచేయి. సంతకం చేసిన ఫైల్‌కి ఎన్ని ప్రతులు తీసినా అన్నీ ఒరిజినల్సే, దాన్ని ఎవరూ బీరువాలో పెట్టి తాళం వేయలేరు. అందుకే ఇది టెక్నాలజీ సరదా కాదంటాను. ఒక పిల్లోడు తన చదువుని తన చేతిలో ఉంచుకోవడం గురించిన విషయం ఇది.

జిరాక్స్ అంగట్లో ఏం జరుగుతుంది

కౌంటర్ ప్రింట్ అడిగిందా, మనం పోయేది జిరాక్స్ అంగడికి. అక్కడ గోడ మీద పెద్దగా వాట్సాప్ నంబర్ రాసి ఉంటుంది. ఆధార్, ఇన్‌కమ్, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, అన్నీ ఆ నంబర్‌కి పంపుతాం. ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. దాన్ని పది మంది లైన్‌లో ఉండగా గట్టిగా చెప్తాం. అన్న ప్రింట్ తీసి ఇస్తాడు. ఫైల్ ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండిపోతుంది. ఆ ఫోల్డర్ ఎప్పుడైనా తొంగి చూశారా? అది మండలం మొత్తానికి ఒక చిన్న డేటా సెంటర్.

అంగడి అన్నని తప్పుపట్టడం లేదు. ఆయన మన పని చేసిపెడుతున్నాడు, పేజీకి రెండు మూడు రూపాయలకి. ఆయన డిలీట్ చేయలేదంటే అడిగినోడు ఎవడూ లేడు కాబట్టి. కానీ ఆలోచించండి. ప్రభుత్వం సర్వర్‌లకి ఫైర్‌వాల్, ఎన్‌క్రిప్షన్, ఆడిట్ అని అంత జాగ్రత్త పడింది. ఆ జాగ్రత్త అంతా దాటించి పత్రాన్ని పాస్‌వర్డ్‌తో సహా బయట పెట్టింది ఎవరు? "జిరాక్స్ తీస్కొనిరాపో" అన్న ఒక్క మాట.

2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దు, ఇంటర్నెట్ సెంటర్లలో డౌన్‌లోడ్ చేయొద్దు, చేస్తే డిలీట్ చేయండి, మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని. జనం కంగారు పడేసరికి రెండు రోజుల్లో, మే 29న, అపార్థం చేసుకునే అవకాశం ఉందని ఆ ప్రకటనని వెనక్కి తీసుకున్నారు. నాకైతే ఆ సలహాలో తప్పేమీ కనపడలేదు. ఇబ్బందల్లా ఏందంటే, ఆ సలహా మనకి ఇచ్చారు. కౌంటర్లకి "జిరాక్స్ అడగొద్దు" అని గట్టిగా చెప్పకుండా, జనానికి "ఇవ్వొద్దు" అంటే జనం ఏం చేస్తారు? స్కాలర్‌షిప్ వదులుకుంటారా?

ఓటీపీ గుంటూరులో ఉంది

ఇంకో ముడి ఓటీపీ. మా కర్నూలు పడమటి వైపు, ఆదోని, కోసిగి, హొళగుంద ప్రాంతాల్లో వానలు లేని ఏడాది ఊర్లు ఖాళీ అవుతాయి. మిరప కోతలకి గుంటూరు వైపు పోతారు, భవనాల పనికి బెంగళూరు పోతారు. ఇంట్లో ఆధార్‌కి లింకైన ఫోన్ ఒకటే ఉంటుంది, అది నాయన జేబులో గుంటూరు మిరప చేన్లో ఉంటుంది. ఊర్లో అవ్వ దగ్గర ఉండే పిల్ల సర్టిఫికెట్ కోసం ఓటీపీ అడుగుతుంది. పది నిమిషాల్లో ఎంటర్ చేయల్ల. నాయనకి సిగ్నల్ ఉండదు, ఉంటే చేతులకి మిరప ఘాటు, ఫోన్ ముట్టుకోలేడు. అప్పటికి సెషన్ అయిపోతుంది.

దొరికితే ఇంకో ప్రమాదం. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని బ్యాంకు రోజూ మెసేజ్ పంపుతుంది. కౌంటర్‌లో మాత్రం "ఓటీపీ చెప్పమ్మా" అంటారు, చెప్పకపోతే పని కాదు. ఒకే అంకెని ఒకడు చెప్పొద్దంటాడు, ఒకడు చెప్పమంటాడు. ఇట్ల ఏండ్ల తరబడి అలవాటు చేశాక, ఎవడో ఫోన్ చేసి "సచివాలయం నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అంటే అవ్వ చెప్పదా? వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో నకిలీ ఏపీకే ఫైళ్లు పంపి అకౌంట్లు ఊడ్చేస్తున్న సంగతి పేపర్లలో చూస్తూనే ఉన్నాం. సర్కారు కాగితం వాట్సాప్‌లో వస్తుందని జనం నమ్మడం మొదలుపెట్టిన రోజే, దొంగలు కూడా ఆ దారిలో వస్తారు. అసలు దారి ఏదో, నకిలీ దారి ఏదో పల్లెలో వాళ్లకి తెలుగులో, ఒక్క వాక్యంలో, ప్రతి మెసేజ్‌లో చెప్పాలి.

పేర్ల సంగతి కూడా ఉంది. తెలుగులో లక్ష్మి అంటే ఒకటే రాత. ఇంగ్లీషులో చివర 'ఐ' పెడతారో 'వై' పెడతారో, మధ్యలో 'హెచ్' పెడతారో లేదో ఆ రోజు టైప్ చేసినోడి ఇష్టం. ఆధార్‌లో ఒకలాగ, మెమోలో ఒకలాగ ఉంటే యాప్ "మీ డాక్యుమెంట్ దొరకలేదు" అంటుంది. దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. ఆళ్లగడ్డ వాళ్ల పాత కాగితంలో కర్నూలు జిల్లా, కొత్తదాంట్లో నంద్యాల. రాజంపేట వాళ్లకి పాతదాంట్లో కడప, ఆ తర్వాతి దాంట్లో అన్నమయ్య. ఊరు కదల్లేదు, మనిషి కదల్లేదు, అడ్రస్ కదిలింది. ఈ తేడాలు మనిషి చూస్తే నవ్వి వదిలేస్తాడు, సాఫ్ట్‌వేర్ వదలదు.

అటువైపు వాదన

క్లర్క్ సార్‌ని విలన్‌ని చేసి రాయడం ఈజీ. ఆయన వైపు నుంచి చూస్తే వేరేలా కనపడుతుంది. రేపు ఆడిట్ వస్తే ఫైల్‌లో కాగితం ఉండల్ల. ఫోన్‌లో చూపించిన పీడీఎఫ్ అసలుదో కాదో చూడటానికి ఆయనకి ఎవరూ టూల్ ఇవ్వలేదు, ట్రైనింగ్ ఇవ్వలేదు. తప్పు జరిగితే మెమో ఆయనకే వస్తుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకోవచ్చు కదా అంటాం. కొన్ని క్యూఆర్‌లలో ఉండేది ఒట్టి వెబ్ లింక్. దొంగ లింక్‌తో దొంగ క్యూఆర్ చేయడం మన ఫస్టియర్ వాళ్లకి కూడా వచ్చు. ఆధార్ మీద ఉండే క్యూఆర్ లాగా, దాంట్లోనే డిజిటల్ సంతకం ఉండి నెట్ లేకుండా సరిచూసుకునేలా ఉంటేనే అది రుజువు. ఆయన భయంలో న్యాయం ఉంది. కాబట్టి ఆయనకి రూలూ, టూలూ రెండూ ఇవ్వాలి.

అన్నీ ఎలక్ట్రానిక్‌గా పంపొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. 2025 జనవరిలోనే సుప్రీంకోర్టు, పోలీసులు హాజరు కమ్మని ఇచ్చే నోటీసుల్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని, చట్టం చెప్పిన పద్ధతిలోనే ఇవ్వాలని స్పష్టం చేసింది. అదే నెలలో మన రాష్ట్రం వాట్సాప్‌లో సర్టిఫికెట్లు మొదలుపెట్టింది. రెండింటికీ గొడవ లేదని నా ఉద్దేశం. సర్టిఫికెట్ అంటే నేను అడిగి తెచ్చుకునే కాగితం. నోటీసు అంటే నాకు తెలియకుండా వచ్చే కాగితం. మొదటిది ఫోన్‌లో ఆలస్యంగా చూసినా మళ్లీ తీసుకోవచ్చు. రెండోది చూడకపోతే అరెస్టు దాకా పోవచ్చు. మన రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కానీ 'అందింది' అని ఒక మనిషి సంతకం పెట్టడం అనే ఆలోచనకి మాత్రం ఇంకా పని ఉంది.

బయటి దేశాలు ఈ దారిలో ముందే నడిచి దెబ్బలు తిన్నాయి. జర్మనీ 2011లో చట్టం చేసి మరీ డి-మెయిల్ అనే భద్రమైన అధికారిక ఈమెయిల్ తెచ్చింది. గుర్తింపు కోసం విడిగా నమోదు చేసుకోవాలి, మామూలు ఈమెయిల్‌తో అది కలవదు, పైగా మొదటి నుంచి చివరి దాకా ఎన్‌క్రిప్షన్ సహజంగా లేదని నిపుణులు విమర్శించారు. జనం వాడలేదు. 2022లో డాయిష్ టెలికామ్ ఆ సేవని మూసేసింది. డెన్మార్క్ ఇంకో దారి పట్టింది. 2014 నవంబరు నుంచి 15 ఏండ్లు దాటిన అందరికీ ప్రభుత్వ ఉత్తరాలు డిజిటల్ పోస్టు పెట్టెలోకే వస్తాయి. వాడలేని వాళ్లు మాత్రం మినహాయింపు అడిగి కాగితమే తెప్పించుకోవచ్చు. ఎస్టోనియాలో 2001 నుంచి ఎక్స్‌రోడ్ అనే వ్యవస్థ ద్వారా ఆఫీసులు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. సర్కారు దగ్గర ఉన్న వివరాన్ని సర్కారే మళ్లీ మనిషిని అడగకూడదన్నది అక్కడి పద్ధతి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇచ్చేదీ ప్రభుత్వమే, స్కాలర్‌షిప్ ఇచ్చేదీ ప్రభుత్వమే. మధ్యలో మోసేది మనం.

నేను అడిగేవి

ఒకటి. డిజిటల్ సంతకం ఉన్న ఫైల్‌ని తీసుకోవడం కౌంటర్ బాధ్యత కావాలి. ప్రింట్ అడిగితే ఏ రూల్ ప్రకారం అడిగారో రాసివ్వాలి. ఆ రూల్ దొరకదు కాబట్టి అడగడం తగ్గుతుంది.

రెండు. అడిగింది అవసరమైనంతే ఉండాలి. ఆదాయం పరిమితి లోపల ఉందా లేదా అన్నదే ప్రశ్నయితే, నా ఆధార్ నంబరూ, మా నాయన పుట్టిన తేదీ, ఇంటి నంబరూ ఎందుకు? అవసరానికి మించి వివరాలు తీసుకోకూడదన్నది 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా.

మూడు. ఓటీపీ మెసేజ్ తెలుగులో రావాలి, అది దేనికో రాసి ఉండాలి. "ఇది మీ మనవరాలి కుల ధ్రువపత్రం కోసం, డబ్బుకి సంబంధం లేదు" అని. వలస పోయినోళ్లు ఊర్లో ఒకరిని ముందే నియమించుకునే వీలు ఉండాలి.

నాలుగు. కాగితం పూర్తిగా పోకూడదు. ఫోన్ లేని అవ్వకి సచివాలయంలో ప్రింట్ ఇవ్వాలి, అదీ బయట అంగట్లో కాకుండా అక్కడే, ఫైల్ మిగలకుండా.

ఇవన్నీ అమరావతిలో జరగాల్సినవి, మనమేం చేస్తాం అంటారా? ఒకటి ఇక్కడే చేయొచ్చు. పైథాన్‌లో పీడీఎఫ్ సంతకాల్ని సరిచూసే పైహాంకో అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. దానికి మన దేశపు రూట్ సర్టిఫికెట్ ఇచ్చి, మన స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఒక కంప్యూటర్ మీద చిన్న పేజీ పెడితే చాలు. స్టూడెంట్ ఫైల్ అప్‌లోడ్ చేస్తాడు, 'సంతకం సరైనదే' లేదా 'ఫైల్ మార్చబడింది' అని తెలుగులో వస్తుంది, ఫలితం రికార్డులో పడుతుంది, ఆడిట్‌కి అదే సాక్ష్యం. ప్రతి ఏడాది మనం మినీ ప్రాజెక్టుగా లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌నే పేరు మార్చి ఇస్తుంటాం. ఈసారి ఇది ఇద్దాం. చేయాలనుకునే వాళ్లు క్లబ్ గ్రూప్‌లో చెప్పండి, నేను ముందుంటా. సెక్షన్ సార్‌తో మాట్లాడే పని కూడా నాదే.

మళ్లీ స్కాలర్‌షిప్ సీజన్ వస్తోంది. ఆ వారం జిరాక్స్ అంగట్లో లైన్ రోడ్డు దాకా వస్తుంది, మీకూ తెలుసు. ఆ లైన్‌లో ఊరి నుంచి పొద్దున బస్సుకి వచ్చిన అమ్మానాయనలు కూడా ఉంటారు, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఇంటిల్లిపాది కాగితాలు. ఈసారి వాళ్లలో కొందరైనా ఆ లైన్‌లో నిలబడకుండా తిరిగి బస్సెక్కితే, మన ప్రాజెక్టుకి వచ్చే మార్కులు ఎన్నైనా నాకు సరే.